నిలబడే కొలత

సూదక్క అసలు పేరేమిటని అడిగితే ఆమే ఒక్క క్షణం తడుముకోవాల్సి వస్తుంది. బాప్తిస్మమప్పుడు అయ్యగారు నీళ్ళలో ముంచి పిలిచిన పేరొకటి ఉంది. పెళ్ళిలో ఒకసారి, చెల్లెల్ని ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఒకసారి ఆ పేరుతో పిలిచారు. మిగతా జీవితమంతా ఆమె సూదక్కే. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరంటారు. కాదు, మాటలే గుచ్చుకుంటాయని ఆమె మొగుడంటాడు. ఆయన బస్సు డ్రైవరు. పగలంతా హారన్ల మోతలో ఉండి వస్తాడు కాబట్టి ఇంట్లో ఎంత గుచ్చినా తనకి తగలదని ఆయన ధీమా.

ఇల్లంటే రెండు గదులు. వెనకది వంటకీ పడకకీ, ముందుది కుట్టుపనికి. కిటికీ పక్కన కాలితో తొక్కే పాత మిషను, గోడవారగా బట్టలు కత్తిరించే బల్ల, మూల పగిలిన నిలువుటద్దం, కుట్టిన బట్టలు వేలాడదీసే ఇనప కడ్డీ. కిటికీకి ఆనుకుని ఒక స్టూలు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు బల్లకి ఆనుకుంటారు, గడప మీద కూర్చుంటారు, ఆ స్టూలు మీద మాత్రం కూర్చోరు. ఎవరైనా కూర్చోబోతే, దాని కాలు వదులుగా ఉంది, పడతారు అంటుంది సూదక్క. ఆ కాలు మొగుడు ఏనాడో బాగుచేశాడు. దాని మీద ఎక్కి పైకప్పు బూజు కూడా దులిపాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పడు.

వాళ్ళమ్మదీ ఇదే పని. చర్చి సంఘంలో పసిపిల్లల్ని దేవుడికి ప్రతిష్ఠించేటప్పటి గౌన్లు, పెళ్ళికూతుళ్ళ గౌన్లు, చివరికి శవపెట్టెలో పడుకునేవాళ్ళ గౌన్లు, అన్నిటిమీదా ఆమె చేయి పడేది. పెట్టెలోవాళ్ళకి కుట్టడంలో అందరికీ ఒక పద్ధతి ఉంది. ముందువైపు అందంగా కుట్టి, వెనక నిలువునా తెరిచి వదిలేసి, మెడ దగ్గరా నడుం దగ్గరా తాళ్ళు పెడతారు. బిగుసుకుపోయిన చేతులకి తొడగడం తేలిక, వీపు ఎలాగూ ఎవరికీ కనబడదు. కుట్లు కూడా పొడుగ్గా, పైపైన వేస్తారు. ఉతికేది లేదు, ఆరేసేది లేదు, గట్టికుట్టు దేనికని.

వాళ్ళమ్మ అలా కుట్టేది కాదు. వీపు మూసి, ముందు మెడ నుంచి అంచుదాకా గుండీలు పెట్టి, చంకల దగ్గర రెండో కుట్టు వేసి, బతికున్నవాళ్ళకి కుట్టినట్టే కుట్టేది. కొలత పడుకోబెట్టి తీసినా పొడవు మాత్రం మడమ పైకి ఉంచేది, నడిచేటప్పుడు కాళ్ళకి అడ్డం పడకుండా. "కడపటి రోజున దేవుడి బూర మోగగానే సమాధుల్లోంచి లేవాలి కదే. అంతమందిలో ఒక చేత్తో వీపు, ఇంకో చేత్తో అంచు పట్టుకుని నిలబడతారా పాపం?" అనేది. నవ్వుతూనే అనేది. కుట్టు దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు ఉండేది కాదు, ఊడిన పోగొకటి కనబడితే మొత్తం విప్పించేది.

గుండీలు కుట్టడం, కాజాలు తీయడం చిన్నకూతురి పని. అందుకే ఆమెని అందరూ గుండీ అనేవాళ్ళు. సూదక్క కంటే బాగా చిన్నది. కిటికీ దగ్గర స్టూలు ఆమెదే. కత్తెర వాడేది కాదు, దారం పళ్ళతోనే టప్‌మని కొరికేది. పళ్ళు అరిగిపోతాయే అని అక్క తిడితే, కత్తెర కోసం లేస్తే తిరిగొచ్చేలోపు నువ్వు ఇంకో గౌను నా ఒళ్ళో పడేస్తావు అనేది. పెళ్ళి మాటెత్తితే, ఈ గుండీకి సరిపడే కాజా ఇంకా ఎవరూ తీయలేదనేది. అమ్మ పోయాక పెట్టెలోవాళ్ళ గౌన్లకి జేబు పెట్టాలని పట్టుబట్టింది కూడా ఆమే. ఆ రోజు తీర్పు కోసం అంత పెద్ద వరసలో తమ వంతు వచ్చేదాకా నిలబడాలంటే చేతులెక్కడ పెట్టుకుంటారని అడిగింది. అప్పటినుంచి జేబులు కూడా వచ్చాయి. అమ్మకి కుట్టిన గౌనుకి మాత్రం జేబు లేదని, అమ్మ చేతులు కట్టుకునే నిలబడాలని, అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరోజు నవ్వి నవ్వి, తర్వాత ఏడ్చారు.

ఆ గుండీకి జబ్బు చేసింది. కడుపులో మొదలై పాకింది. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి, ఇక ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు డాక్టర్లు. మంచం కుట్టుగదిలోనే వేశారు, వీధి కనబడుతుందని.

అప్పుడు ప్రార్థన పెద్దమ్మ వచ్చింది. ఆమె ఆడపిల్లల హాస్టలు వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. సంఘంలో ఆడవాళ్ళ ప్రార్థన కూటం ఆమె చేతిలో ఉండేది. హాస్టలు వదిలినా హాస్టలు ఆమెని వదల్లేదు. ఆమె ప్రార్థన చేస్తుంటే దేవుడు కూడా వరసలో సర్దుకుని నిలబడతాడని బస్సు డ్రైవరు అనేవాడు. మంచి మనిషి. ఎవరింట్లో జబ్బున్నా ముందు వెళ్ళేది ఆమే, చివరిదాకా ఉండేది ఆమే. గుండీ తల మీద చేయి వేసి, ఈ పిల్ల లేచి తిరుగుతుంది, నాకు నిశ్చయం కలిగింది అని చెప్పింది. ఆ తర్వాత రూలు పెట్టింది. ఈ ఇంట్లో చావు మాట ఎవరూ ఎత్తకూడదు. గడప బయటే కళ్ళు తుడుచుకోవాలి. మంచం దగ్గరికి రాగానే, ఇవాళ తేటగా ఉన్నావమ్మా అనాలి. ఒక్కరు నోటితో సందేహం పలికినా అందరి ప్రార్థనా నేలపాలైపోతుంది.

ఆ రూలు అందరికంటే గట్టిగా పట్టుకున్నది సూదక్క. కడ్డీకి వేలాడుతున్న తెల్లగౌనొకటి, ఎవరో ముసలావిడ పెట్టె కోసం కుట్టడం మొదలుపెట్టినదాన్ని, చుట్టచుట్టి వాళ్ళకే తిరిగి పంపేసింది. చెల్లెలి కళ్ళ ముందు అలాంటిది ఉండకూడదని.

ఒక మధ్యాహ్నం వీధి సద్దుమణిగిన వేళ, గుండీ మంచం మీద నుంచి పిలిచింది.

"అక్కా, టేపు తీసుకురా. నా కొలతలు తీసుకో."

లేచాక తీసుకుంటాలే, అప్పటికి ఒళ్ళు చేస్తావు కదా అంది సూదక్క మిషను ఆపకుండా.

"తెలీనట్టు మాట్లాడకు. అమ్మ కుట్టినట్టు కుట్టు. వెనక తెరిచిపెట్టకు. కాజాలు ఓపికున్నప్పుడు కాసిని కాసిని నేనే తీసుకుంటాను, నువ్వు తీస్తే వంకరపోతాయి."

సూదక్క కాలు ఆగిపోయింది. తల తిప్పకుండానే అంది. "నీకు విశ్వాసం లేదా?"

గుండీ నవ్వింది. నవ్వితే నొప్పి వస్తుందని చేయి పొట్ట మీద పెట్టుకుని మరీ నవ్వింది. "ఉంది కాబట్టే అడుగుతున్నా. లేకపోతే నాకు ఏ గుడ్డ చుడితే ఏంటే?"

నోరు ముయ్యి అంది సూదక్క. అంత గట్టిగా ఆ చెల్లెల్ని ఆమె ఎప్పుడూ అనలేదు.

గుండీ నోరు మూసేసింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ మర్నాటినుంచి ఎవరొచ్చి తేటగా ఉన్నావమ్మా అన్నా, అవునండీ, నాకూ అలాగే ఉంది అనేది. స్కూలు నాటకంలో తన వంతు అప్పజెప్పినట్టు చెప్పేది. వచ్చినవాళ్ళందరికీ ఆమే ధైర్యం చెప్పి పంపేది. వాళ్ళు వెళ్ళాక, గదికి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి పడుకునేది.

ఒక ఉదయం కూటం వాళ్ళందరూ మంచం చుట్టూ నిలబడి, స్వస్థత ఇచ్చినందుకు ముందుగానే స్తోత్రగీతం పాడుతుండగా ఆమె పోయింది. చేయి పట్టుకుని ఉన్న సూదక్కకి తెలిసింది. పాడేవాళ్ళకి తెలీలేదు. వాళ్ళు చరణం పూర్తిచేసి, పల్లవి ఇంకోసారి అందుకున్నారు.

గౌను కుట్టడానికి సూదక్క కూర్చుంది. ఎంతసేపు ప్రయత్నించినా దారం సూది బెజ్జంలోకి ఎక్కలేదు. చివరికి పెట్టెలమ్మే దుకాణం నుంచే గౌను తెచ్చారు. మెరిసే పల్చటి గుడ్డ. చాటుగా దుప్పటి పట్టుకుని పెద్దమ్మా మరో ఇద్దరూ తొడిగారు. పెట్టెలోకి ఎత్తేటప్పుడు దుప్పటి కాస్త జారింది. సూదక్కకి చెల్లెలి వీపు కనబడింది. వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. నడుం దగ్గర తాడు ముడి ఊడి వేలాడుతోంది.

సమాధి దగ్గర మట్టి వేసి చేతులు దులుపుకుంటూ పెద్దమ్మ పక్కవాళ్ళతో అంది. కోపంతో కాదు, అర్థంకాక అంది. "ఎక్కడో ఎవరో సందేహించారమ్మా. లేకపోతే ఇలా జరగదు."

ఎవరు సందేహించారో ఆ గుంపులో ఒక్క సూదక్కకే తెలుసు.

అప్పటినుంచి ఆమె లోపల రెండు ఆలోచనలు మిషను పెడల్‌లా ఆడడం మొదలుపెట్టాయి. ఒకటి కిందికి వెళితే రెండోది పైకి లేచేది. పెద్దమ్మ చెప్పింది నిజమైతే, గుండీ అవిశ్వాసంతో పోయింది. తన చావు తానే అడిగి తెచ్చుకుంది, ఇప్పుడెక్కడుందో ఏమో. పెద్దమ్మ చెప్పింది నిజం కాకపోతే, చనిపోతున్న పిల్ల ధైర్యంగా ఒక మాట చెప్పుకోబోతే, నోరు ముయ్యి అన్నది తనే. రెంటిలో ఏది నిజమైతే బాగుండునో కూడా ఆమెకి తెలిసేది కాదు.

మొదటిసారి విన్నది ఒక మధ్యాహ్నమే. స్కూలు యూనిఫారం అంచు కుడుతోంది. వీధిలో అలికిడి లేదు. ఎండ కిటికీలోంచి వచ్చి స్టూలు మీద పడింది. టప్‌మని దారం కొరికిన చప్పుడు.

తల తిప్పింది. స్టూలు మీద ఎవరో కూర్చున్నారు. కిటికీ వైపు మొహం, గది వైపు వీపు. గౌను వెనక నిలువునా తెరుచుకుని ఉంది. తాళ్ళు రెండు వైపులా వేలాడుతున్నాయి. మధ్యలో వెన్నుపూసలు. సూదక్క ఊపిరి తీసుకునేలోపు అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత అది అలవాటుగా వచ్చేది. రోజూ కాదు. ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చే ముందు మాత్రం గుండీల డబ్బాలో గుండీలు మెల్లగా సర్దుకున్న చప్పుడయ్యేది, ఎవరో వేళ్ళతో వెతికినట్టు. తర్వాత దారం కొరికిన చప్పుడు. తల తిప్పితే ఆ వీపు. ఎప్పుడూ ఇటు తిరగలేదు, ఒక్క మాట అనలేదు. ఏమైనా అంటే బాగుండేది, తిట్టినా బాగుండేది. ఆ వీపుకి చలేస్తోందేమోనన్న ఆలోచన సూదక్కని ఎక్కువ తినేసేది. మండుటెండల్లో కూడా కిటికీ రెక్క ఒకటి మూసి ఉంచేది.

మొగుడు ఎప్పుడూ ఏమీ చూడలేదు. కానీ డ్యూటీ దిగి మధ్యాహ్నంపూట ఇంటికొస్తే, గడప దగ్గర ఆగి ఒకసారి దగ్గి లోపలికొచ్చేవాడు, పరాయి ఆడవాళ్ళున్న గదిలోకి వచ్చేటప్పుడు దగ్గినట్టు. మరదలితో పరాచికాలాడే అలవాటు ఆయనకి. ఒకసారి మాత్రం చెప్పులు విప్పుతూ, "మీ చెల్లెలు బతికున్నప్పుడు నన్ను చూసి లేచేది కాదు, ఇప్పుడు మాత్రం లేస్తుందా" అన్నాడు. సూదక్క నవ్వబోయి ఏడ్చింది. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ జోకు వేయలేదు, దగ్గడం మాత్రం మానలేదు.

పెట్టెలోవాళ్ళ గౌన్లు కుట్టడం ఆమె మానేసింది. చేతికాజాలు తీయడం మానేసింది. గుండీలున్న బట్టలొస్తే బజారు చివర కాజా మిషను వాళ్ళకి పంపేది, లేదా జిప్పు వేసిచ్చేది. ఆదివారం చర్చికి వెళ్ళేది, వెనక బెంచీలో కూర్చునేది. పాటలో పెదాలు కదిపేది. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే తెరుచుకున్న వీపు కనబడేది కాబట్టి, కళ్ళు తెరిచి ముందు బెంచీలో వాళ్ళ బట్టల కుట్లు చూస్తూ కూర్చునేది. భక్తిగా తల వంచుకుందని అందరూ అనుకునేవాళ్ళు.

కొన్ని సంవత్సరాలు అలా గడిచాక, ప్రార్థన పెద్దమ్మ మంచం పట్టింది.

ఈసారి రూలు పెట్టింది ఆమె కొడుకూ కోడలూ. అమ్మ నేర్పిందే కదా అని. తేటగా ఉన్నారు పెద్దమ్మా అని కూటం వాళ్ళు వచ్చి వరసగా చెప్పి వెళ్ళేవాళ్ళు. ఒకరోజు ఆ కోడలు సూదక్క గడపలో నిలబడి, అత్తయ్య గౌన్లు వదులైపోయాయి, కాస్త బిగించాలట, నిన్నే రమ్మంటున్నారు అంది. వెళ్ళాలని లేదు. వెళ్ళకుండా ఉండే ధైర్యమూ లేదు. టేపు మెళ్ళో వేసుకుని వెళ్ళింది.

పెద్దమ్మ గదిలో అన్నీ హాస్టల్లోలాగే ఉన్నాయి. దుప్పటి అంచులు సమానంగా పరుపు కిందికి మడిచి, గ్లాసు మీద మూత పెట్టి, గోడకి సిలువ నిటారుగా. మంచం మీద మనిషి మాత్రం సగమైపోయింది. ఆ గొంతుకి భయపడి హాస్టలు పిల్లలు మెట్లు తుడిచేవాళ్ళట, ఇప్పుడది చెవి దగ్గర పెడితేగానీ వినబడడం లేదు.

సూదక్క నోటికి ఆ మాట దానంతటదే వచ్చింది. "తేటగా ఉన్నారు పెద్దమ్మా."

పెద్దమ్మ ఆమె వైపు చూసింది. "అవునమ్మా, నాకూ అలాగే ఉంది" అంది.

ఆ మాటా అదే, ఆ అప్పజెప్పడమూ అదే. ఎవరి గొంతు ఎవరి నోట్లోంచి వస్తోందో అర్థం కాలేదు. అనుకోకుండా కిటికీ వైపు చూసింది. అక్కడ ఖాళీ కుర్చీ ఒకటుంది, అంతే.

కోడలు నాలుగు గౌన్లు తెచ్చి మంచం మీద పెట్టింది. ఎక్కడెక్కడ వదులైందో చూస్తావా అంది. పెద్దమ్మ ఆ గౌన్ల వైపు చూడలేదు. కోడల్ని వేడినీళ్ళు తెమ్మని వంటింట్లోకి పంపింది. పంపి, పైకప్పు చూస్తూ పడుకుంది. ఏదో అడగబోతున్నట్టు పెదాలు కదిలాయి, ఆగిపోయాయి. ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించిన రూలు ఇప్పుడు ఆమె నోటికే అడ్డం పడింది.

సూదక్కకి అర్థమైంది. మెళ్ళో టేపు బరువెక్కినట్టనిపించింది. గౌన్లు చంకన పెట్టుకుని, రేపు ఇస్తాను పెద్దమ్మా అని లేచి వచ్చేయొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. గుమ్మం రెండడుగుల దూరంలోనే ఉంది.

దుప్పటి అంచు పరుపు కింద నుంచి లాగింది.

"లేవక్కర్లేదు పెద్దమ్మా. పడుకునే ఉండండి. పడుకున్న కొలతే కావాలి నాకు."

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల వైపు జారాయి. సూదక్క భుజం కొలిచింది. చంక కొలిచింది. మెడ దగ్గర నుంచి టేపు కిందికి పరుచుకుంటూ పోతుంటే పెద్దమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"భయమేస్తోందే. ఎవరికీ చెప్పడానికి లేదు. చెబితే అవిశ్వాసం అంటారు. అలా అనడం నేర్పింది నేనే కదా." కాసేపు ఊపిరి పట్టుకుని మళ్ళీ అంది. "వెనక తెరిచి కుట్టకు. ఆ పిల్లకి తాళ్ళు కట్టింది నేనే. నడుం దగ్గర ముడి పడలేదు, చేతులు వణికాయి. కట్టాననే అనుకుని వదిలేశాను. ఇప్పుడు పడుకుంటే నా నడుం దగ్గర చలిగా ఉంటోంది. ఎన్ని దుప్పట్లు కప్పినా అక్కడ మాత్రం చలిగానే ఉంటోంది."

ఆ చలి గురించి సూదక్క ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు, మొగుడితో కూడా. మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. ఇన్ని సంవత్సరాలుగా నోట్లో పెట్టుకు తిరిగిన సూదులన్నీ అక్కడే కక్కేసింది. గుండీ కొలతలు తీసుకోమన్నది, తను తీసుకోనన్నది, నీకు విశ్వాసం లేదా అని తను అడిగింది. అడగాల్సింది చివరికి అడిగింది. "మీరన్న సందేహించిన మనిషి అదే పెద్దమ్మా. మరి దానిది అవిశ్వాసమేనా?"

"నువ్వలా అడిగితే అదేమంది?"

"ఉంది కాబట్టే అడుగుతున్నా, లేకపోతే ఏ గుడ్డ చుడితే ఏంటి అంది."

పెద్దమ్మ ఇంకోసారి చెప్పమంది. సూదక్క ఇంకోసారి చెప్పింది. వంటింట్లో నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినబడింది.

"నేను చెప్పింది దేవుడు వింటాడన్నదే ఇన్నాళ్ళూ నా విశ్వాసం" అంది చివరికి. "ఆయన చెప్పింది నేను వినాల్సి రావడం ఇదే మొదలు. నాకిది అలవాటు లేదే. ఆ పిల్లకి ఎప్పుడు అలవాటైందో." మళ్ళీ అంది. "ఆ గదిలో అంతమందిమి పాడాం. నమ్మి పడుకున్నది మాత్రం అదొక్కతే అనుకుంటా."

సూదక్కకి ఏడుపు రాలేదు. జారిపోయిన టేపు తీసి మళ్ళీ పెద్దమ్మ కాళ్ళ దాకా పరిచింది.

"దానికీ ఒకటి కుట్టు" అంది పెద్దమ్మ. "నేను ముందు వెళుతున్నాగా. నా చేతికివ్వు, ఇచ్చేస్తాను. తప్పు చెప్పుకోవడానికి వట్టిచేతులతో వెళ్ళడం నాకు బావుండదు."

వేడినీళ్ళు తెచ్చిన కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. అత్తగారి కాళ్ళ దగ్గర టేపు పరిచి ఉండడం చూసి, ఇదేమిటత్తయ్యా అంది. పెద్దమ్మ, మీ ఆయన్ని పిలువు అంది. ఆ సాయంత్రం కూటం వాళ్ళందరినీ రప్పించింది. గంట కొట్టి రూలు పెట్టే మనిషి, గంట కొట్టినట్టే రూలు తీసేసింది. నేను పోతున్నాను, నాకు భయంగా ఉంది, భయం లేకుండా చేయమని కాదు, భయంతోనే వచ్చినా నన్ను రానిమ్మని దేవుడికి ప్రార్థన చేయండి అని చెప్పింది. కొడుకు ఆమె కాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ ఇంట్లో అన్నాళ్ళుగా ఎవరూ ఏడవలేదట.

సూదక్క తెల్లగుడ్డ రెండు గౌన్లకి సరిపడా కొని పరిచింది. పెద్దమ్మది కత్తిరించడం తేలికగానే అయింది. రెండోది పరిచాక సుద్దముక్క గాలిలోనే ఆగిపోయింది. ఏ కొలత పెట్టాలి? చివరికి మిగిలిన గుండీ కొలతా, జబ్బుకి ముందు గుండీ కొలతా? చివరి కొలత ఆమె తీసుకోనే లేదు. ముందుది మాత్రం చేతులకే గుర్తుంది. ఎన్ని గౌన్లు ఆ భుజాలకి పెట్టి చూసిందో. మడమ పైకి పొడవు పెట్టి, నిండు మనిషి కొలతకే కత్తిరించింది.

చంకల దగ్గర రెండో కుట్టు వేసింది. జేబులు పెట్టింది. గుండీలు మెడ నుంచి అంచుదాకా. కాజాలు బజారు చివరికి పంపలేదు, చేత్తోనే తీసింది. అన్నీ వంకరే పోయాయి. మొగుడు ఒకదాన్ని పట్టి చూసి, "మీ చెల్లెలు చూస్తే విప్పిస్తుంది" అన్నాడు.

"చూడనీ" అంది సూదక్క.

పెద్దమ్మ పోయినప్పుడు గౌను తొడిగింది సూదక్కే. గుండీలు ఒక్కొక్కటే పెట్టింది, నడుం దగ్గర ఒకసారి చేయి పెట్టి చూసింది. మడిచిన రెండో గౌను పెద్దమ్మ కుడిచేతి వంపులో పెట్టింది. కూటంలో ఒకరిద్దరు మొహమొహాలు చూసుకున్నారు. ఇలాంటివి మనవాళ్ళు పెట్టొచ్చా అని గుసగుసగా అయ్యగారిని అడిగారు. అయ్యగారు పెట్టెలోకి వంగి, ఆ మడతనీ, దాని మీద వంకర కాజాల వరసనీ చూశాడు. చోటుందిగా, ఉండనివ్వండి అన్నాడు.

కొన్నాళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం సూదక్క కిటికీ రెండు రెక్కలూ తెరిచి మిషను ముందు కూర్చుంది. ఎవరో ముసలావిడ పెట్టె కోసం గౌను కుడుతోంది, వీపు మూసి. వీధిలో అలికిడి లేదు. ఎండ వచ్చి స్టూలు మీద పడింది. గుండీల డబ్బాలో గుండీలు సర్దుకున్నాయి.

సూదక్క కాలు ఆగలేదు. కళ్ళు గుడ్డ మీదే పెట్టుకుని, చాలాకాలంగా మాట్లాడని వాళ్ళతో మాట్లాడినట్టు కాస్త తడబడుతూ దేవుడితో అంది. "నాకేమీ తెలీదయ్యా. దానికి అందిందో లేదో నాకు తెలీదు. కుట్టాను. పంపాను. మిగతాది నీ పని."

టప్‌మని దారం కొరికిన చప్పుడు.

ప్రతిసారీ తిరిగే తల తిరగబోయింది. సూదక్క దాన్ని తిరగనివ్వలేదు. స్టూలు మీద వీపు ఉందో, మొహం ఉందో, వట్టి ఎండే ఉందో చూడకుండా, గుడ్డని సూది కిందికి ఇంకాస్త జరిపి, అంచు చివరిదాకా కుట్టుకుంటూ వెళ్ళింది.